గుడి రాళ్లకు నంబర్లు పడ్డయి.. లాకు రాళ్లకు ఎప్పుడు పడ్తయి?

వానకాలం రాంగనె మన ఫోన్లల్ల ఒకటే వీడియో తిరుగుతది. సుంకేసుల గేట్లెత్తిన్రు, తుంగభద్ర ఎర్రగ ఉరుకుతున్నది, పొరగాళ్లు కట్ట మీద నిలబడి సెల్ఫీలు దిగుతున్నరు. రెండు రోజులు లైకులు పడ్తయి, మూడో రోజు మర్సిపోతం. గేట్ల పక్కకెల్లి ఒక కాలువ కర్నూలు దిక్కు మలుగుతది. దాన్ని మనం చూసినా చూడనట్టె పోతం. అదే కేసీ కాలువ. కర్నూలు, కడప పేర్లల్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు.

ఆ కాలువను తవ్వింది ఒక్క పొలాలకు నీళ్లు పారిచ్చెతందుకే కాదు, పడవలు నడిపేతందుకు కూడ. ఈ ముచ్చట ఆలంపూర్ల పదిమందిని అడిగితె ఎంతమందికి ఎరుకైతది? మన ఊరి పక్కపొంటి పడవల కాలువ పుట్టింది, నడిచింది, సచ్చింది. దాని కత మన బడి పుస్తకాలల్ల లేదు, మన మ్యూజియంల లేదు, యాడాదికోసారి వచ్చే టూరిజం పాంప్లెట్ల లేదు.

ఇయ్యాల ఈ ముచ్చట ఎందుకంటె, పాత కట్టడాలను బాగుచేస్తం అని సర్కార్లు మస్తు మాట్లాడుతున్నయి. జోగులాంబ గుడికి కేంద్రం ప్రసాద్ పథకం కింద 36 కోట్లకు పైగా మంజూరు చేసింది. మంచిదే, వద్దనెటోళ్లు ఎవరు లేరు. కాని బాగుచేసుడు అంటె ఒక్క గుడేనా? జనం చెమటోడ్చి కట్టిన, జనం పని చేసిన కట్టడాలు మన వారసత్వం కాదా? అడగాల్సింది గీడ్నే.

ఏరు అటు కంపెనీది, ఇటు నిజాముది

ముందుగాల జర జాగ సంగతి తెలుసుకోవాలె. కర్నూలు సీమను, దాని చుట్టుపక్కల జిల్లాలను నిజాం 1800ల ఇంగ్లీషోళ్లకు రాసిచ్చిండు. వాటినే దత్త మండలాలు అంటరు. ఏటికి ఇవతలున్న ఆలంపూర్, గద్వాల మాత్రం నిజాం రాజ్యంలనే ఉండిపోయినయి. 1956 దాక ఇవి రాయచూరు జిల్లాల తాలూకాలు. అంటె వంద, నూటయాభై ఏండ్లు తుంగభద్రే రెండు రాజ్యాలకు సరిహద్దు.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిచ్చిన ఆర్థర్ కాటన్ ఎరుకే గదా. రైళ్ల మీద పెట్టే పైసలు కాలువల మీద పెడితె పొలాలు పారుతయి, సరుకు కూడ అగ్గువకు పోతది అని ఆయన జీవితమంత వాదించిండు. తుంగభద్ర నుంచి తూర్పు సముద్రం దాక పడవలు నడవాలె అనేది ఆయన కల. ఆ కల మీదనే 1858ల లండన్ల మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లేచింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి, దాని మీద యాడాదికి నూటికి 5 వడ్డీ గ్యారంటీ. కంపెనీకి లాభం వచ్చినా రాకున్నా లండన్ల షేర్లు కొన్నోళ్లకు వడ్డీ ముడుతది. ఆ వడ్డీ ఎవరు కట్టాలె? ఈ దేశపు ఖజానా. అంటె మన తాతలు ముత్తాతలు కట్టిన శిస్తే.

1863ల పనులు మొదలైతె 1871 నాటికి కాలువ కడప దాక చేరింది. సుంకేసుల కాడ ఏటికి అడ్డంగ రాతి ఆనకట్ట. ఆడికెల్లి 190 మైళ్లు, అంటె 300 కిలోమీటర్లకు పైగా తవ్వకం. కర్నూల్ల హంద్రీ ఏరు అడ్డమొస్తె దాని నెత్తి మీద రాతి వంతెన కట్టి, వంతెన మీదికెల్లి కాలువను దాటిచ్చిన్రు. కింద ఒక ఏరు, పైన ఒక కాలువ. మిషిన్లు లేని కాలంల గడ్డపారలతోని, తట్టలతోని చేసిన పని అది. ఆనకట్ట రాయి ఇవతల ఒడ్డుకు, అంటె మన రాజోలి దిక్కు, ఆనుకున్నది. నీళ్లు మాత్రం అవతలి ఒడ్డుకె మలిగినయి. ఎందుకంటె కంపెనీ అవతలి రాజ్యానిది. ఈ ఒక్క ముచ్చట యాది పెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

నీళ్ల మెట్లు

కర్నూలు సముద్ర మట్టానికి 270 మీటర్ల ఎత్తు మీద ఉంటది. కడప 140 మీటర్ల లోపే. అంత ఎత్తు నుంచి అంత పల్లానికి పడవ ఎట్ల దిగుతది? వాలుల ఇడిస్తె కొట్టుకపోతది. అందుకె లాకులు కట్టిన్రు.

లాకు అంటె ఏం లేదు, నీళ్లతోని చేసిన మెట్టు. రెండు దిక్కుల రాతి గోడలు, ముందలొక తలుపు, ఎనకొక తలుపు, నడుమ ఒక పెద్ద తొట్టి. పై నుంచి పడవ తొట్టిలకు రాంగనె ఎనక తలుపు మూస్తరు. ముందు తలుపుకున్న చిన్న తూము తెరుస్తరు. తొట్టిల నీళ్లు మెల్లగ దిగుతయి, నీళ్లతోపాటు పడవ దిగుతది. కింది కాలువ మట్టానికి సమానం కాంగనె ముందు తలుపు తెరుస్తరు, పడవ ముందలికి పోతది. ఎక్కాలంటె ఇదే పని ఉల్టా. కరెంటు లేదు, డీజిల్ లేదు. నీళ్ల బరువు, మనిషి బలం, అంతే. గిసుంటి మెట్లు ఆ కాలువ పొడుగునా పదుల సంఖ్యల ఉండె. ఇప్పటికి ఆ కాలువ మీద ఒక జాగను లాకిన్సుల అంటరు. పేరు వింటెనే లాకు యాదికొస్తది.

ఓడల రిపేరుకు కట్టే డ్రై డాక్ కూడ దీని అన్నలెక్కటిదే. అది ఇంకా పెద్ద తొట్టి. ఓడ లోపటికి వచ్చినంక తలుపు మూసి నీళ్లన్ని తోడేస్తరు. ఓడ దిమ్మెల మీద కూసుంటది. మనుషులు కిందికి దిగి దాని అడుగు గీకుతరు, పలకలు మారుస్తరు, కీలు పూస్తరు. పని అయినంక మళ్ల నీళ్లిడిస్తె ఓడ తేలి బయటికి పోతది. మన తెలుగు నేల మీద గిసుంటి పని జరిగిన జాగ కాకినాడ పక్కన కోరంగి. కలకత్తా నుంచి సింహళంల ట్రింకోమలి దాక ఉన్న తూర్పు తీరంల పెద్ద ఓడలకు రిపేరు చేసెతందుకు కోరంగి ఒక్కటే దిక్కు అని పేరుండె. 1802ల ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన ఆడ డాక్ కట్టిచ్చిండు. 1839ల ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. మిగిలిన దాన్ని గౌతమి తెచ్చిన ఒండ్రు పూడ్చింది. ఇయ్యాల కోరంగి అంటె మడ అడవులు చూసెతందుకు పోయే జాగ. ఓడలు బాగుచేసిన ఊరు అని ఎంతమందికి ఎరుక?

కోరంగి కత సముద్రం మింగింది. మన కాలువ కత ఏం మింగింది?

పడవ ఎందుకు ఆగింది

మూడు కారణాలు కనవడ్తయి.

ఒకటి, రైలు. కాలువ కడప చేరిన 1871లనే బొంబాయి రైలు, మద్రాసు రైలు రాయచూరు కాడ కలిసినయి. ఆ రైలు కడప మీదికెల్లే పోతది. పడవకు రోజులు పట్టే తొవ్వ రైలుకు గంటల పని. పోటీ మొదలుకాకముందే ఫలితం తేలిపోయింది.

రెండు, ఏరు. తుంగభద్ర గోదావరి కాదు. వానకాలంల ఊర్లు ముంచుతది, ఎండకాలంల ఇసుక తేలి బండలు కనవడ్తయి. యాడాది పొడుగునా నీళ్లు లేని కాలువల యాడాది పొడుగునా పడవ ఎట్ల నడుస్తది?

మూడు, లెక్క. కంపెనీ పైసలు అనుకున్నదానికంటె ముందే అయిపోయినయి, సర్కారే మళ్ల అప్పిచ్చింది. నల్లరేగడి భూములున్న రైతులు కొత్త నీటి తీరువా కట్టేతందుకు ముందుకు రాలే. వానకు పండే జొన్నకు, పత్తికి కాలువ నీళ్లు ఎందుకని వాళ్ల ప్రశ్న. లండన్ల కూసోని ఏసిన లెక్కల రైతును ఎవరు అడగలే. చివరికి 1882ల సర్కారు కంపెనీ నుంచి కాలువను కొన్నది. ఆ తర్వాత పడవలు తగ్గుకుంట తగ్గుకుంట, 1930లల్లకు వచ్చేసరికి పూర్తిగ బందైనయి. కాలువ సాగునీటి కాలువగనే మిగిలింది.

ఇండ్ల మనకొక పాఠం ఉన్నది. కట్టడం గొప్పదైనంత మాత్రాన బతకదు. దాంతోని ఎవరికి పనున్నది అనేదే దాని ఆయుష్షు.

బాగుచేసిందేంది, మర్సిపోయిందేంది

కేసీ కాలువను ఎవరు పట్టించుకోలే అంటె అబద్ధమైతది. 1996ల జపాన్ అప్పు తెచ్చి ఆధునికీకరణ చేసిన్రు. పాత ఆనకట్ట కాడ గేట్ల బ్యారేజీ కట్టిన్రు. 2009 అక్టోబర్ 2న వచ్చిన వరద యాదుంది గదా? శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు ఒక్కసారిగ వచ్చినయి, ఆ డ్యాం తట్టుకునేటందుకు లెక్కేసుకున్నది 19 లక్షలే. కర్నూలు మునిగింది, ఆలంపూర్ మునిగింది, రాజోలి నేతన్నల మగ్గాలు, ఇండ్లు నేలమట్టమైనయి. బ్యారేజీ సుత దెబ్బతిన్నది. దాన్ని మళ్ల బాగుచేసిన్రు. 2020ల అంతర్జాతీయ సాగునీటి సంస్థ ఐసీఐడీ కేసీ కాలువను ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగ గుర్తించింది. అదే సంస్థ 2018ల మన నిర్మల్ జిల్లా సదర్మాట్ ఆనకట్టను గూడ గుర్తించింది.

కాని గుర్తింపు వచ్చింది నీళ్లు పారిచ్చినందుకు. పడవ నడిపిన ముచ్చట మాత్రం పడవతోనే పోయింది. లాకు తలుపు తిప్పినోళ్లెవరు, తెడ్డేసినోళ్లెవరు, రాళ్లు కొట్టిన వడ్డెరలు ఏ ఊర్లకెల్లి వచ్చిన్రు అని అడుగుదామంటె చెప్పే బోర్డు లేదు.

ఇగ మన ఒడ్డు సంగతి. ఇందాక యాది పెట్టుకోమన్న ముచ్చట గిదే. నిజాం కాలంల ఆనకట్ట మన ఒడ్డుకు ఆనుకున్నా నీళ్లు అవతలికి మలిగినయి. 1944ల మద్రాసు, హైదరాబాద్ సర్కార్ల నడుమ ఒప్పందం అయినంకనే మన దిక్కుకు రాజోలిబండ మళ్లింపు పథకం, మనం ఆర్డీఎస్ అనేది, వచ్చింది. బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు 39.9 టీఎంసీలు, ఆర్డీఎస్‌కు 17.1 టీఎంసీలు రాసింది. ఆర్డీఎస్‌ల మన వాటా 15.9. దాని కింద పారాల్సింది 87,500 ఎకరాలు. 143 కిలోమీటర్ల కాలువల మొదటి 43 కిలోమీటర్లు కర్ణాటకల. చివరి భూములకు నీళ్లు ఎన్నడు సక్కగ రాలే. ఆర్డీఎస్ ఆనకట్టను బాగుచేసే పని ఏండ్ల తరబడి తగాదాలల్ల నలుగుతున్నది. ఆ లోటు పూడ్చేతందుకే సుంకేసుల ఎనక నీళ్లను ఎత్తిపోసె తుమ్మిళ్ల లిఫ్టు పెట్టిన్రు. 55,600 ఎకరాలకు దాని మీద ఆశ.

గందుకే అంటున్న, మన కాడ పాత కట్టడం బాగుచేసుడు అనేది ఒట్టి సున్నం, సిమెంటు ముచ్చట కాదు. ఏ ఒడ్డు కట్టడం బాగైతది, ఏ ఒడ్డుది తగాదాల పడ్తది అనేది రాజకీయం.

కూడవెల్లి చెప్పిన పాఠం

పాతదాన్ని కాపాడుడు మనకు చాతకాదా అంటె, చాతనైతది. ఆలంపూరే దానికి సాక్ష్యం.

శ్రీశైలం డ్యాం కట్టంగ కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి మునుగుడు ఖాయమైంది. ఆడ చాళుక్యుల కాలపు సంగమేశ్వర గుడి ఉండె. పురావస్తు శాఖోళ్లు ఆ గుడిని రాయి రాయి విప్పిన్రు. ఒక్కొక్క రాయికి నంబరేసి, బొమ్మ గీసుకోని, ఆలంపూర్‌కు మోసుకొచ్చి మళ్ల అట్లనే పేర్చిన్రు. పాపనాశి గుళ్లు ఇరవైకి పైగా గూడ గట్లనే తరలినయి. ఇయ్యాల మనం చూస్తున్న సంగమేశ్వరుడు అట్ల నడిచొచ్చినోడే.

అదే ముంపుల ఊర్లకు ఊర్లే పోయినయి. జనం మూటలు ముల్లెలు నెత్తిన పెట్టుకోని బయటికి నడిచిన్రు. గుడి రాయికి నంబరు పడ్డది. దొడ్డి గోడకు, మోట బావికి, పుట్టి కట్టేసిన గుంజకు నంబరు పడలే. ముంపు బాధితుల పిల్లలు ఇప్పటికి జీవోలు పట్టుకోని ఆఫీసుల చుట్టు తిరుగుతనే ఉన్నరు.

నేను గుడిని తక్కువ చేస్తలేను. గుడి రాయిని అంత పానంగ చూసుకున్నోళ్లకు పని రాయిని చూసుకునుడు కూడ చాతనైతది అంటున్న. తెలివి ఉన్నది, శాఖలు ఉన్నయి, చట్టాలు ఉన్నయి. 1958 కేంద్ర చట్టం ప్రకారం వందేండ్లు నిండిన కట్టడాన్ని కాపాడదగ్గదిగ ప్రకటించొచ్చు. సుంకేసుల పాత ఆనకట్టకు, ఆ లాకులకు నూటయాభై దాటినయి. తెలంగాణకు 2017ల సొంత వారసత్వ చట్టం సుత వచ్చింది. లేనిదల్లా, ఇది కూడ మనదే అన్న సోయి.

మళ్ల పడవలు నడపాల్నా?

ఈడ జర నిజం మాట్లాడుకోవాలె. బాగుచేసుడు అంటె మూడు తీర్లు.

ఒకటి, మళ్ల పనిల పెట్టుడు. స్కాట్లాండ్ల గ్లాస్గో పట్నంల గోవన్ అనే జాగల 1869 నుంచి 1898 దాక కట్టిన మూడు డ్రై డాకులు ఉన్నయి. 1980లల్ల మూతపడి చెట్లు మొలిచినయి. ఈ మధ్యనే వాటిల్ల ఒకదాన్ని శుభ్రం చేసి మళ్ల ఓడల రిపేరుకు తెరిచిన్రు. ఆడ ఏరు నిండుగ ఉన్నది, రిపేరు కావాల్సిన ఓడలున్నయి, గందుకే అది నడుస్తది.

రెండు, కొత్త పనికి మలుపుడు. అదే దేశంల సరుకు పడవలు బందైన రెండు పాత కాలువలను 2002ల ఫాల్కిర్క్ కాడ తిరిగే చక్రం అసుంటి ఎత్తుడు యంత్రం పెట్టి మళ్ల కలిపిన్రు. ఇప్పుడు ఆడ జనం సరదాకు పడవ ఎక్కుతరు.

మూడు, ఉన్నదాన్ని పడిపోకుంట నిలిపి, దాని కత చెప్పుడు.

మన కాలువకు మొదటిది కుదరదు. ఎకరం తడిసేతందుకు నీళ్లు లేని సీమల పడవ కోసం కాలువ నింపుతమంటె రైతు ఊకోడు, ఊకోవద్దు కూడ. 2016ల పార్లమెంటు జాతీయ జలమార్గాల చట్టం తెచ్చి దేశమంత 111 మార్గాలు ప్రకటించింది. అండ్ల తుంగభద్రకు కూడ 104 నంబరు పడ్డది. ఏప్రిల్ నెల రాజోలి కాడికి పోయి చూస్తె ఆ జలమార్గంల మేకలు మేస్తుంటయి. నంబరేసుడు అల్క, నీళ్లు తెచ్చుడు కష్టం.

పడవ అంటె పర్యాటకమే కాదు, పాణాల ముచ్చట కూడ. 2007 జనవరిల మంచాలకట్ట కాడ కృష్ణల పడవ మునిగి పదుల మంది పోయిన్రు. సోమశిల నుంచి శ్రీశైలంకు లాంచీల షికారు గురించి గొప్పగ చెప్పుకుంటం గని, ఏటి ఒడ్డు ఊర్లోళ్లు దినాం దాటే పుట్టికి లైఫ్ జాకెట్ ఉన్నదా లేదా అని అడుగుతలేం. ముందు గది కావాలె.

మనకు కుదిరేది మూడోది. అండ్ల జరంత రెండోది.

ఏం చెయ్యాలె

మొదటిది, రెండు రాష్ట్రాల నీటిపారుదల, పురావస్తు శాఖలు కలిసి సుంకేసుల నుంచి కాలువ పొడుగునా లెక్క తియ్యాలె. పాత ఆనకట్ట రాళ్లు, లాకు గోడలు, తూములు ఏవేవి మిగిలినయో ఒక్కొక్కదానికి కూడవెల్లి గుడి లెక్క నంబరెయ్యాలె. కాలువ సిమెంటు పని మళ్ల ఎప్పుడు పెట్టుకున్నా, కాంట్రాక్టరు జేసీబీ దిగకముందే ఆ నంబర్లు నకాశల ఉండాలె. నీళ్లకు అడ్డం కాని చోట లాకు గోడను లాకు గోడలెక్కనే ఉంచాలె. దీనికి కోట్లు అక్కర్లే.

రెండోది, ఆలంపూర్ మ్యూజియంల చాళుక్యుల శిల్పాల పక్కకె ఏటి పనికి ఒక గది ఇయ్యాలె. పుట్టి, వల, మోట బొక్కెన, లాకు ఎట్ల పనిచేస్తదో చూపే ఒక చిన్న నమూనా, ముంపు ఊర్ల పేర్లు. నవబ్రహ్మ గుళ్లు చూసొచ్చిన బడి పొరగాండ్లు నీళ్ల మెట్టు తలుపు చేతితోని తిప్పి చూస్తె సైన్సు పాఠం, చరిత్ర పాఠం రెండు ఒక్క నిమిషంల అయిపోతయి.

మూడోది, ఆర్డీఎస్ ఆనకట్ట మరమ్మతు. పాత కట్టడం బాగుచేసుడు అన్న మాటకు మన ఒడ్డున అసలు అర్థం గదే. పడవ కత చెప్పుకునేతందుకు ముందుగాల కడుపు నిండాలె. 15.9 కాగితం మీద కాకుంట కాలువల పారాలె.

నాలుగోది సర్కారు పని కాదు, మనది. మీ ఊర్ల ఎనభై దాటిన ముసలోళ్లున్నరా? పుట్టి ఏసుకోని కర్నూలు సంతకు పోయినోళ్లు, ముంపుల ఊరిడిసొచ్చినోళ్లు, మా నాయిన గిట్ల చెప్పేటోడు అని పడవల కాలువ ముచ్చట చెప్పేటోళ్లు? గేట్ల కాడ సెల్ఫీ దిగే ఫోన్ల వాయిస్ రికార్డర్ కూడ ఉన్నది. అరగంట కూసోని అడుగుండ్రి. పేరు, ఊరు, యాడాది రాసి పెట్టుండ్రి. కాలువ గట్టు మీద పాత రాతి కట్టడం కనవడితె ఫొటో తీసి, జాగ గుర్తు పెట్టుండ్రి. లాకుల మీద ఏ శాఖ కాడ ఏం కాగితాలున్నయని పది రూపాయలతోని సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు.

2032ల తుంగభద్రకు మళ్ల పుష్కరాలొస్తయి. ఘాట్లు కడ్తరు, రంగులేస్తరు, లక్షల మంది ఆలంపూర్, రాజోలి ఒడ్డుకు వస్తరు. వాళ్లకు మనం గుడి గోపురం ఒక్కటే చూపిస్తమా, లేక ఆ ఏటి మీద రాయి కొట్టినోడి, తెడ్డేసినోడి కత కూడ చెప్తమా? అప్పటికి లాకు రాళ్లు మిగిలి ఉంటెనే గదా చెప్పేది. సంగమేశ్వరుని రాయికి నంబరేసిన చెయ్యి ఈ రాళ్లకు కూడ అందాలె, అది మనం ఇప్పటికెల్లి అడిగితెనే అందుతది.